రెండుసార్లు కట్టిన సీటు

ముప్పై ఎనిమిదేళ్లు నేను కార్ల సీట్లు కట్టి బతికాను. మా చిత్తూరులో దీన్ని కుషన్ పని అంటారు. పోయిన వేసవిలో అంగడి మూసేశాను. నడుం వంగడం లేదు, దబ్బనంలో దారం ఎక్కించడానికి కళ్లు సహకరించడం లేదు. ఆ తర్వాత కొన్ని నెలలకు, ఈ పని నేర్పే ఒక కేంద్రం వాళ్లు పిలిస్తే వెళ్లి పిల్లలతో రెండు గంటలు మాట్లాడాను. పద్నాలుగు మందిలో ఇద్దరు ఆడపిల్లలు. వాళ్లను చూసి సంతోషపడ్డాను. నేను ఈ పనిలోకి వచ్చినప్పుడు నాతో పోల్చుకోవడానికి ఇంకో ఆడమనిషి లేదు.

ఆ ఇద్దరిలో ఒక పిల్ల, "మేడం, మీరు చేసిన వాటిల్లో గొప్ప పని ఏది?" అని అడిగింది. ఫోన్లో ఫొటో చూపిస్తానేమో అని ఎదురుచూసింది. నేను ఒక పాత అంబాసిడర్ ముందు సీటు గురించి చెప్పాను. దాన్ని రెండుసార్లు కట్టానని, రెండోసారి చాలా కష్టపడ్డానని చెప్పాను. మొదటిసారి కట్టినప్పుడు ఏమైందో మాత్రం చెప్పలేదు. టైము లేదు అన్నాను. టైము ఉంది. నాకే నోరు రాలేదు. ఆ మిగిలిన సగం చెప్పడానికే ఇది రాస్తున్నాను.

దొరస్వామి మేస్త్రి

మాది వడమాలపేట దగ్గర పల్లె. నాయన కూలికి పోయేవాడు. నన్ను మిషన్ హాస్టల్లో వేస్తే అక్కడ కుట్టుపని నేర్చుకున్నాను. పెళ్లయి చిత్తూరు వచ్చాక రవికెలు కుట్టేదాన్ని. అయితే మా వీధిలోనే రవికెలు కుట్టే ఇళ్లు మూడు ఉన్నాయి. ఒకరోజు కార్ల సీట్లు కట్టే దొరస్వామి మేస్త్రి అంగడి ముందు నడుస్తూ, మిషను మీద ఎవరూ లేకపోవడం చూసి లోపలికి వెళ్లి పని అడిగాను.

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. "ఏమ్మే, జాకెట్లు కుట్టే చెయ్యి రెగ్జిన్ కుడతాదా?" అన్నాడు.

"కుట్టి సూపిస్తా మేస్త్రీ" అన్నాను.

ఒక జీపు సీటు కవరు ఇచ్చాడు. మూడు సూదులు విరగ్గొట్టి సాయంత్రానికి కుట్టి ఇచ్చాను. అంచు తిప్పి చూసి, ఇంకో కవరు ఇచ్చాడు. నాకు ఉద్యోగం వచ్చిందని అలా తెలిసింది.

మేస్త్రి చేతిపని గొప్పది. ఇది మనసారా చెబుతున్నాను. సీటు మీద అరచేయి పెట్టి నొక్కితే లోపల ఏ స్ప్రింగు విరిగిందో చెప్పేవాడు. మొదటి ఆరు నెలలు నాతో పాత సీట్లు విప్పించాడు. ఒక్కటి కట్టనివ్వలేదు. నాకు విసుగు పుట్టేది. ఇప్పుడు ఈ పని నేర్చుకునే మీకు నేను చెప్పేది కూడా అదే: కట్టడం నేర్చుకునే ముందు ఓపిగ్గా విప్పడం నేర్చుకోండి. పాత సీటు ఎక్కడ నలిగింది, ఎటు వాలింది, రెగ్జిన్ ఏ పక్క అరిగింది చూస్తే, దాని మీద కూచున్న మనిషి ఎలా కూచుంటాడో తెలిసిపోతుంది.

"సీటును కంటితో సూడొద్దు మే. కండ్లు మూసుకోని కూచో. యాడ నొప్పి పుడతాదో సూడు" అనేవాడు.

ఆయన దోషం కూడా చెప్పాలి. గిరాకీ మనిషి ముందు ఎన్నడూ తప్పు ఒప్పుకోలేదు. తప్పంటే అంగడి పేరు పోతుందని ఆయన నమ్మకం. ఎవరైనా బండి వెనక్కి తెస్తే రోడ్డుదో, డ్రైవరుదో, ఎండదో తప్పని చెప్పి పంపేవాడు. ఆయన దగ్గర చేతిపని ఎంత నేర్చుకున్నానో ఈ బుద్ధి కూడా అంతే నేర్చుకున్నాను. నేర్చుకుంటున్నానని అప్పుడు నాకు తెలియలేదు.

మునస్వామి అన్న అంబాసిడర్

నాలుగేళ్లు కవర్లు కుట్టాక, లోపలి పని కూడా నా చేతికి ఇచ్చిన మొదటి బండి మునస్వామి అన్నది. ఆయన టాక్సీ డ్రైవరు. కారు సొంతం. చిత్తూరు నుంచి తిరుపతికి, శ్రీకాళహస్తికి, ఇటు వేలూరుకు జనాన్ని తిప్పేవాడు. అప్పటికి నలభై దాటి ఒక ఏడాది. మంచి దిట్టమైన మనిషి. బండిని నిండుగా నీళ్లు పోసి కడిగితేగానీ బయటికి తీసేవాడు కాదు.

పాత అంబాసిడర్‌లో ముందు సీటు ఒకటే పొడుగు సీటు. డ్రైవరూ పక్క మనిషీ ఇద్దరూ దాని మీదే. లోపల ఇనుప చట్రం, చట్రం మీద స్ప్రింగులు, వాటి పైన గోనెపట్ట, కొబ్బరి పీచు పరుపు, అన్నిటికన్నా పైన రెగ్జిన్. డ్రైవరు పక్క అయిదారు స్ప్రింగులు విరిగి, పీచు ఒకవైపుకు జరిగిపోయింది.

ఆ రోజుల్లో అందరికీ స్పాంజి పిచ్చి పట్టింది. ఫోమ్‌ను మేం స్పాంజి అంటాం. స్ప్రింగులు సరిచేయడానికి మూడు రోజులు పడుతుంది. వాటిని పీకేసి, చట్రం మీద ప్లైవుడ్ చెక్క పరిచి, దాని మీద మందపాటి స్పాంజి వేస్తే ఒక పూటలో అయిపోతుంది. పైగా చూడ్డానికి కొత్త సోఫాలా ఉబ్బి ఉంటుంది. మేస్త్రి అలాగే చెయ్యమన్నాడు. నేను అలాగే చేశాను. పైగా, బాగా మెత్తగా ఉండాలని, ఉన్నవాటిల్లోకెల్లా మెత్తని స్పాంజి నేనే ఏరి తీసుకున్నాను. అది మేస్త్రి చెప్పలేదు.

నా మొదటి పని కదా. ఎర్ర రెగ్జిన్‌కు నల్ల అంచు పెట్టి, నీలం దారంతో లోపలి ముడులు వేశాను. మునస్వామి అన్న కూచుని రెండుసార్లు ఎగిరి చూసుకుని, "ఏం కట్టినావు పాపా! పరుపు మాదిరి ఉండాది" అన్నాడు. నా కడుపు నిండిపోయింది.

కవరు బిగించేటప్పుడు నేను మోకాలు వేసి నొక్కాను. మోకాలికి చెక్క తగిలింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. నొక్కింది గట్టిగా కదా, మనిషి కూచుంటే అంత దిగదులే అని సర్దిచెప్పుకున్నాను.

మెత్తని స్పాంజి అయిదు నిమిషాలు సుఖంగా ఉంటుంది. తర్వాత మనిషి బరువుకు అడుగంటుతుంది. ఎత్తు తగ్గుతుంది. తొడల కింద ఆనుడు పోతుంది. నడుము వెనక్కి ఒరుగుతుంది. క్లచ్ తొక్కాలంటే కాలు చాపాలి, స్టీరింగు పట్టుకోవాలంటే చెయ్యి పైకెత్తాలి. రోజుకు ఆరేడు గంటలు అలా కూచుంటే ఏ నడుమైనా ఏమవుతుంది? ఇదంతా నాకు తర్వాత తెలిసింది అని చెప్పుకోవచ్చు. కానీ మోకాలికి చెక్క తగిలినప్పుడే నాకు సగం తెలుసు.

నేను చెప్పిన అబద్ధం

మూడు నెలలకు మునస్వామి అన్న వచ్చాడు. బండి దిగి, డోరు పట్టుకుని కాసేపు నిలబడితేగానీ నడవలేకపోయాడు.

"మేస్త్రీ, గంట తోలితే నడుము పట్టకపోతా ఉండాది. దిగితే కాలు తిమ్మిరెక్కతా ఉండాది. సీటు రవంత సూడు" అన్నాడు.

మేస్త్రి లేచి కూడా రాలేదు. "నలభై దాటినాక నడుము నొయ్యకుంటే ఇంకేం నొస్తాది మునస్వామీ? సీటు జమాయించి కట్టినాం. పోయి డాక్టరుకు సూపించుకో" అన్నాడు.

మునస్వామి అన్న మేస్త్రితో వాదించలేదు. మిషను దగ్గరున్న నా వైపు తిరిగాడు.

"పాపా, కట్టింది నువ్వే గదా. నువ్వు చెప్పు. సీటు బాగుండాదా?"

మేస్త్రి నన్ను చూస్తున్నాడు. ఆయన చూపు నాకు తెలుసు. అయినా ఆయన మీదే తోసేస్తే అది ఇంకో అబద్ధం అవుతుంది. ఉద్యోగం పోతుందని భయం ఉంది, నిజమే. అంతకంటే ఎక్కువగా, నా మొదటి పని తప్పని పదిమంది ముందు ఒప్పుకోవడం నాకు ఇష్టం లేదు.

"బాగుండాదన్నా" అన్నాను.

ఆయన నన్ను ఒక్క క్షణం చూసి, తల ఊపి, బండి ఎక్కి వెళ్లిపోయాడు. మళ్లీ మా అంగడికి రాలేదు.

రెండేళ్లకు ఆయన టాక్సీ మానేశాడని ఎవరో చెప్పారు. కూచోలేకపోతున్నాడట. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో గేటు దగ్గర నిలబడే పనిలో చేరాడట. ఆ మాట విన్న రోజు నేను మధ్యాహ్నం అన్నం తినలేదు. మరుసటి రోజు తిన్నాను. మనుషులం అంతే.

మేస్త్రి పోయాక అంగడి నేనే తీసుకున్నాను. అప్పటి నుంచి నేను పెట్టుకున్న పద్ధతి ఒకటుంది. డ్రైవరు సీటు ఏది కట్టినా, దాని మీద అరగంట నేను కూచోకుండా బయటికి పంపను. ఆడమనిషి డ్రైవరు సీట్లో కూచుని కళ్లు మూసుకుంటే రోడ్డున పోయేవాళ్లు నవ్వేవాళ్లు. నవ్వనిచ్చాను. రూతమ్మ సీటు కడితే నడుము నొప్పి రాదని పేరు వచ్చింది. అందరూ అది నా శ్రద్ధ అనుకున్నారు. అది శ్రద్ధ కాదు, భయం.

తిరిగి వచ్చిన బండి

అంగడి మూసేయడానికి నాలుగు నెలల ముందు, ఒక నలభై ఏళ్లావిడ పాత అంబాసిడర్‌ను వ్యాన్‌తో కట్టి లాగించుకుని వచ్చింది. పేరు పద్మ. బడిలో టీచరు. ఇంజను బాగుచేయించింది, రంగు వేయించింది, ఇక సీటు ఒక్కటే మిగిలింది, అది గుంట పడి కూచుని తోలే వీల్లేదు అంది.

"మా నాయన బండక్కా. ముప్పై ఏండ్లుగా షెడ్లోనే ఉండాది. అమ్మమంటే అమ్మడు. ఇప్పుడు డెబ్బై అయిదు నిండినాయి. ఒక్కసారన్నా దీంట్లో కూచోబెట్టి తిరుపతి దాకా తీసకపోవాలని నా కోరిక" అంది.

చాలా పాత బండ్లు చూశాను కాబట్టి నాకేమీ తట్టలేదు. ఆమె వెళ్లాక సీటు దించి, రంగు వెలిసిపోయిన కవరు కోశాను. లోపల స్పాంజి లేదు. పసుప్పచ్చని పొడి ఉంది. చెయ్యి పెడితే గుప్పున లేచింది. ముక్కుకు గుడ్డ కట్టుకుని పొడి ఊడ్చాను. కింద ప్లైవుడ్ చెక్క. మనిషి కూచునే చోట చెక్క కూడా గుంట పడింది. చెక్క మీద, ఎవరో తర్వాత దూర్చిన నాలుగు గోనెసంచులు మడిచి పెట్టి ఉన్నాయి. అంచున నీలం దారం ముడులు. ఒక్కొక్క ముడికి రెండు చుట్లు, ఒక మెలిక. ఆ ముడి నాది. చిత్తూరులో ఇంకెవరూ అలా వేయరు.

సీటు పక్కన నేల మీద కూచుండిపోయాను. ఈ పని నాకొద్దు, ఇంకెవరి దగ్గరికైనా తీసుకుపొమ్మని చెబుదామా అనుకున్నాను. కాసేపటికి అది కూడా పారిపోవడమే అనిపించింది. లేచి గుడ్డ విప్పి, చెక్క పీకి బయట పారేశాను. ఈ సీటు ఎలా పుట్టిందో అలాగే కట్టాలి. ఎన్నిసార్లు విప్పాల్సి వచ్చినా సరే.

స్ప్రింగులు దొరకలేదు. చిత్తూరు పాత ఇనుము అంగళ్లన్నీ తిరిగాను. తిరుపతిలో రెండు రోజులు తిరిగాను. చివరికి శ్రీకాళహస్తిలో ఒక మెకానిక్ షెడ్డు ఉందని, అక్కడి మెకానిక్ పాత అంబాసిడర్లు విప్పేవాడని తెలిసి బస్సెక్కి వెళ్లాను. ఆయన పేరు చెంగయ్య. లోపలంతా వెతికి, "లేవమ్మా, అన్నీ తుక్కుకు పోయినాయి" అన్నాడు. ఆ షెడ్డు బయట నలుగురు టీ తాగుతూ కూచున్నారు. వాళ్లు కూచున్న బెంచీ నాకు వింతగా అనిపించింది. వంగి చూస్తే అది పాత అంబాసిడర్ ముందు సీటు. కింద ఇటుకలు పెట్టి బెంచీ చేశారు. లోపల స్ప్రింగులు అన్నీ ఉన్నాయి.

"ఇది నాకియ్యండి" అన్నాను.

చెంగయ్య నవ్వాడు. "ఇదిస్తే మావోళ్లు యాడ కూచోవాలమ్మా?"

"దీనికంటే మంచి బెంచీ కట్టిస్తా. వారం ఆగండి" అన్నాను. అయిదో రోజుకు, గట్టి స్పాంజి వేసి, వానకు తడవని రెగ్జిన్ తొడిగి ఆరడుగుల బెంచీ కట్టి లగేజీ ఆటోలో తీసుకెళ్లాను. చెంగయ్య దాని మీద కూచుని ఒక టీ పూర్తిగా తాగి, పాత సీటు తనే ఆటోలో ఎక్కించాడు.

కొలతలు

కొత్త స్పాంజి తెచ్చి పాత ఆకారానికి కోయడం ఎవరైనా చేస్తారు. ఆ మనిషికి కట్టాలంటే ఆ మనిషిని చూడాలి. పద్మను అడిగి వాళ్లింటికి వెళ్లాను.

మునస్వామి అన్న కిటికీ గట్టు మీద కంచం పెట్టుకుని, నిలబడి అన్నం తింటున్నాడు. బాగా వాడిపోయాడు. జుట్టంతా తెల్లబడింది. నన్ను చూసి చెయ్యి కడుక్కుని వచ్చాడు.

"దొరస్వామి అంగట్లో ఉండే పాపవి గదా నువ్వు?" అన్నాడు.

"అవునన్నా" అన్నాను. గొంతులో ఇంకో మాట సిద్ధంగా ఉంది. పద్మ టీ గ్లాసులు తెచ్చింది. ఆ మాట మింగేశాను. అలా రెండోసారి కూడా నోరు మూసుకున్నాను. దాచకుండా చెబుతున్నాను.

నిలబడి ఉండగానే నడుము నుంచి భుజం దాకా, మోకాలి నుంచి మడమ దాకా కొలిచాను. తొడ కొలవాలంటే కూచోవాలి అన్నాను. గోడ పట్టుకుని మంచం అంచున మెల్లగా కూచున్నాడు. "పదైదు నిమిషాలు పాపా. అంతకు మించి నా వల్ల కాదు" అన్నాడు. బరువంతా కుడి తుంటి మీద వేసి, ఎడమ పక్కను గాల్లో ఉంచినట్టు కూచున్నాడు. అది రాసుకున్నాను.

స్ప్రింగులన్నీ పురికొసతో ఒకదానికొకటి నాలుగు వైపులా కట్టాను. మీద గోనెపట్ట, దాని మీద కొబ్బరి పీచు పరుపు. స్పాంజి వాడాను, కానీ పీచుకు పైన, బాగా గట్టిది, మూడు వేళ్ల మందం. దానిపైన మెత్తనిది ఒక వేలు మందం మాత్రమే. తొడల కింద ముందు అంచు కొంచెం ఎత్తు చేశాను. మనిషి బరువుకు సరిపడా బియ్యం మూటలు పెట్టి నాలుగు రోజులు వదిలేశాను. అయిదో రోజు చూస్తే కుడి పక్క రెండు వేళ్లు దిగింది. మొత్తం విప్పాను. పురికొస మళ్లీ బిగించాను. మళ్లీ మూటలు, మళ్లీ నాలుగు రోజులు. ఈసారి ఒక వేలు దిగింది. మళ్లీ విప్పాను. వేళ్లు వాచిపోయి రెండు రోజులు దబ్బనం పట్టుకోలేకపోయాను. మూడోసారి కట్టినది దిగలేదు.

వడమాలపేట దారి

ఒక ఆదివారం ఉదయం బయల్దేరాం. పద్మ తోలుతోంది. మునస్వామి అన్న పక్కన కూచున్నాడు. సీటు ఎలా ఉందో చూడటానికి నేను వెనక సీట్లో. ఆయన మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, నొప్పి ఎప్పుడు మొదలవుతుందా అని కాచుకున్నట్టు కూచున్నాడు. నేను గడియారం చూస్తూ కూచున్నాను. పదిహేను నిమిషాలు దాటింది. అరగంట దాటింది. చంద్రగిరి దగ్గర ఆపమన్నాడు. దిగి, బానెట్ పట్టుకుని అయిదు నిమిషాలు నిలబడి, మళ్లీ ఎక్కాడు. తిరుపతి దాటాం. మా ఊరి వైపు ఒకసారి పోదామని నేనే అడిగాను. వడమాలపేట దారిలో రెండు పక్కలా మామిడి తోపులు. రోడ్డు ఖాళీగా ఉంది. ఇప్పుడు చెప్పకపోతే ఇక చెప్పలేను.

"అన్నా, ఒక మాట చెప్పల్ల. ఆ పొద్దు సీటు బాగుండాదా అని మీరడిగితే బాగుండాదన్నాను. అబద్ధం. కవరు బిగించేటప్పుడే నా మోకాలికి చెక్క తగిలింది. తెలిసే చెప్పినాను."

కారు ఒక్క కుదుపుతో ఆగింది. పద్మ వెనక్కి తిరిగింది.

"ఏమంటా ఉండారు మీరు? ఆ సీటు కట్టింది మీరా?"

"నేనే పద్మా."

"మా నాయన ముప్పై ఏండ్లుగా నిలబడి అన్నం తింటా ఉండాడు. నా పెండ్లిలో పీటల మీద కూచోలేక గోడకు ఆనుకుని నిలబడుకున్నాడు. అంతా అయినాక ఇప్పుడు చెప్తా ఉండారా? నేను బండి తెచ్చిన రోజే ఎందుకు చెప్పలేదు?"

 తల వంచుకున్నాను.

"అరవద్దు పద్మా" అన్నాడు మునస్వామి అన్న. "నాకు తెలుసు."

"ఏం తెలుసు నాయనా?"

"ఆ పొద్దే తెలుసు. ఇంటికి పోయి సీటు కింద చెయ్యి పెట్టి సూసినా. స్ప్రింగుల్లేవు, చెక్క తగిలింది. ఇంగొక అంగట్లో విప్పించుకోవాల్సింది నేను. బండి నాలుగు రోజులు నిలిపితే గిరాకీ ఇంగొకడికి పోతాదని నాలుగు సంచులు మడిచి ఏసుకోని తోలినా. డాక్టరు తోలొద్దన్నాక గూడా రెండేండ్లు తోలినా. నా తప్పు నాకుండాది." నా వైపు తిరగకుండానే అన్నాడు. "అయితే రూతమ్మా, నాకు కోపం సీటు మీద కాదు. నువ్వు బాగుండాదన్నావు సూడు, ఆ మాట మీద. నీ మొగం సూస్తే అబద్ధమని తెలస్తానే ఉండె."

 ఆయన డోరు తీసుకుని దిగాడు. ఇక నడిచిపోతాడేమో అనుకున్నాను. కారు ముందు నుంచి చుట్టి వచ్చి డ్రైవరు డోరు తీశాడు.

"దిగు పద్మా. నువ్వు వెనక కూచో. రూతమ్మా, నువ్వు నా పక్కకు రా."

"నాయనా, లైసెన్సు..." అంది పద్మ.

"అయిదేండ్లకోసారి రెన్యువల్ చేయిస్తానే ఉండా. ఒక్కసారన్నా తప్పిందా? పో, కూచో."

స్టీరింగు పక్కనున్న గేరు కడ్డీని చూడకుండానే పట్టుకున్నాడు. బండి మెల్లగా కదిలింది. సైకిలు కంటే కొంచెం వేగంగా పోనిచ్చాడు. నేను ఏడుస్తున్నాను. ఆయన దాన్ని పట్టించుకోలేదు.

"కాగితం ఉండాదా? రాసుకో" అన్నాడు. "ఎడం తొడ కింద అంచు ఒత్తుకుంటా ఉండాది. అర వేలు తగ్గించల్ల. నడుము కాడ వెనక ఆనుడు ఇంగా రవంత ముందుకు రావల్ల. క్లచ్ తొక్కేటప్పుడు కుడి పక్క జారతా ఉండాది. రెగ్జిన్ కింద గుడ్డ ఎయ్యి. తక్కిందంతా..."

 రెండు మైళ్లు తోలి, ఒక తోపు దగ్గర బండి ఆపి, తనే దిగాడు. తిరుగు ప్రయాణంలో పద్మ నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఇప్పటికీ ముక్తసరిగానే మాట్లాడుతుంది. మాట్లాడమని నేను అడగలేదు. అడగను కూడా.

ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పేది ఇంతే. ఏ స్పాంజి గట్టిది, ఏ పీచు మంచిది అనేది రెండేళ్లలో మీ చేతికే తెలుస్తుంది. మీరు కట్టిన సీటు ఎవరైనా వెనక్కి తెచ్చి, బాగుందా అని అడిగితే, ముందు దాని మీద కూచోండి. తప్పుంటే ఆ పూటే, ఆ మనిషి మొహం చూసి చెప్పండి. మేస్త్రి కోప్పడితే పడనివ్వండి. ఒక్క మాట ఆలస్యం చేస్తే దాన్ని మోయడం ఎంత కష్టమో నాకు తెలుసు. కూచోలేని మనిషి ఇంకెంత మోశాడో మాత్రం నాకు తెలియదు.

బండిని మళ్లీ నా అంగట్లోనే వదిలారు. ఆ ప్రయాణం మరుసటి రోజు సీటు దించి, నాలుగోసారి విప్పాను. ఆయన చెప్పిన మూడూ సరిచేశాను. గురువారం పొద్దున ఆయన ఒక్కడే అంగడికి నడుచుకుంటూ వచ్చాడు. కారు ఎక్కి డ్రైవరు సీట్లో కూచున్నాడు. డోరు మూసుకోలేదు. నేను పక్కన నిలబడ్డాను. అరగంట గడిచింది. ఆయన తుంటి ఎత్తి ఇటు జరగలేదు, అటు జరగలేదు.

"బాగుండాదా అన్నా?" అని నేనే అడిగాను.

ఆయన అరచేయి చాపాడు.

"తాళం ఇయ్యి. పద్మకు నేను చెప్పుకుంటాలే."